భీమిలిలో తాడు వదలడం నేర్చుకున్నాం

మేం ముగ్గురం విశాఖపట్నం వెళ్లింది ఒక చెక్క కోసం. పాదాలు రెండూ దానికి బిగించుకుని నీళ్లలో తేలుతూ తాడు పట్టుకుంటే, ముందున్న బోటు మనల్ని నిలబెట్టి లాక్కుపోతుంది. దాన్ని వేక్ బోర్డింగ్ అంటారు. మాఘమాసంలో ఒక కంపెనీ తరఫున ఒక మేడమ్ మా ఊరొచ్చి, మా తీరంలోకి కూడా ఈ ఆటలు రాబోతున్నాయని చెప్పారు. ఆడవాళ్లకు నేర్పడానికి ఆడవాళ్లే కావాలట. ముగ్గురిని పంపితే మూడు రోజులు ఉచితంగా నేర్పిస్తామనీ, రెండు రౌండ్లు పడకుండా నిలబడిన వాళ్లకు ఉద్యోగం ఇస్తామనీ అన్నారు.

ఆ ఉద్యోగం నాకు కావాలనిపించింది. మాది కళింగపట్నం దాటాక సముద్రం ఒడ్డునున్న ఊరు. అలివి వల లాగి బతుకుతాం. తెప్ప మీద వెళ్లి వలను సముద్రంలో చుట్టూ వేసి వస్తే, దాని రెండు కొసల తాళ్లనూ ఒడ్డున నిలబడి ఆడా మగా కలిసి లాగుతాం. వల సంచి ఇసుక మీదికి వచ్చేదాకా తాడు పట్టుకున్న వాళ్లకే వాటా. మధ్యలో వదిలేసిన వాళ్లకు చేప తోక కూడా రాదు. ఈమధ్య ఆ సంచిలో చేపలకంటే ప్లాస్టిక్ సీసాలే ఎక్కువగా వస్తున్నాయి.

నేను బడికి వెళ్లలేదు. వానాకాలమంతా వాగు దాటే వీలు లేక మా అయ్యే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పాడు. పంచాంగం, భజన పుస్తకం, ఉప్పుచేపలు చుట్టే పాత పేపర్లు, ఇవే నా పుస్తకాలు. అంతమాత్రపు చదువిచ్చినందుకు గంగమ్మ తల్లికి ఇప్పటికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఊళ్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. నేను చదివి చెబితే వేలిముద్ర వేస్తారు.

నాతో బయలుదేరిన వాళ్లలో ఒకరు లచ్చమ్మత్త. యాభై దాటాయి. తాడు దగ్గర ఆమె ముందు నిలబడితే వెనక నలుగురు మగాళ్లున్నట్టే. రెండో మనిషి నూకాలు, నాకు వదిన వరస, నాకంటే నాలుగేళ్లు చిన్నది. తన పేరులోని అక్షరాలు మాత్రం రాయగలదు.

ఉదయం ఆరుంపావుకు ఊరి బస్సెక్కి శ్రీకాకుళం చేరేసరికి ఏడున్నర దాటింది. బస్ కాంప్లెక్సులో ఇడ్లీ తిని ఎనిమిదింటి విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా. ఆధార్ చూపిస్తే సున్నా అని అచ్చయిన టికెట్టు చేతిలో పెడతారు. నేను దాన్ని కళ్లకద్దుకుంటే కండక్టరు నవ్వాడు.

"ఏటి, ముగ్గురూ పెళ్లికా?"

"సదువుకి," అంది లచ్చమ్మత్త.

"ఈ వొయసులో ఏటి సదువే తల్లీ?"

"బోటెనకాల ఏలాడే సదువు. నీకు రాదులే, నువ్వు టికెట్లు సింపుకో."

బస్సంతా నవ్వింది. ముందు సీటులో పసిబిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్తున్న ఒకామె, ఒడిలో పిల్ల ఉన్నా, పక్కకు జరిగి లచ్చమ్మత్త మూటకు చోటిచ్చింది. ఆ బిడ్డకు నయం కావాలని మనసులో మొక్కుకున్నాను. పదీ నలభైకి మద్దిలపాలెంలో దిగాం. అక్కడినుంచి ఆటోలో ఫిషింగ్ హార్బర్ వెనక లచ్చమ్మత్త చెల్లెలింటికి వెళ్లాం. ఒకటే గది. రాత్రి మాకోసం ఇంటాయన బోటులో పడుకున్నాడు. కానాగంత చేపల పులుసు, వేడన్నం పెట్టారు. ఇంతమంది మంచివాళ్లను గంగమ్మ ఒకే రోజు చూపించినందుకు ఆ రాత్రి ఆనందంతో నిద్ర పట్టలేదు.

మర్నాడు నాలుగింటికే హార్బర్ అరుపులకు లేచాం. ఐసు గుండ చేసే మిషన్ మోత, వేలంపాట కేకలు. ఐదుంపావుకు భీమిలి బస్సెక్కి ఆరున్నరకల్లా దిగాం. గోస్తనీ ఏరు సముద్రంలో కలిసేచోట నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఈ ఆటకు అలలు పనికిరావు. అందుకే సముద్రంలో కాకుండా ఏటిలో, గాలి లేవకముందు నేర్పుతారు. మీరెవరైనా వెళ్లేటట్టయితే ఏడింటికే నీళ్లలో ఉండండి. తొమ్మిది దాటితే గాలి మొదలవుతుంది, ఆపైన అంతా నీళ్లు మింగడమే.

గట్టు మీద వేసిన షామియానా కింద మేడమ్ ఫైలు పట్టుకుని కూర్చున్నారు. మాకు టీ, బిస్కెట్లు ఇచ్చాక ఒక్కొక్కరికీ మూడేసి కాగితాలు ముందు పెట్టారు. సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో ఇంటూ గుర్తులున్నాయి. లచ్చమ్మత్త ఎప్పటిలాగే నా వైపు చూసింది.

"ఏటే మంగా, ఏటి రాసినారు?"

తెలుగులోనే ఉంది. చదవడానికి రెండు నిమిషాలు పట్టేది. కానీ పైసా తీసుకోకుండా నేర్పేవాళ్ల ఎదుట కాగితం ఎత్తి చదవడం నాకు తప్పుగా తోచింది. గుడిలో పులిహోర చేతిలో పెడితే ఉప్పు సరిపోయిందా అని చూసి తీసుకుంటామా?

"మన మంచికే అత్తా, ఎయ్యి. ఉట్టినే నేర్పుతన్నారు, మళ్లీ అడగడమేటి?" అన్నాను.

ఆమె వేలిముద్ర వేసింది. నూకాలు నాలుక బయటపెట్టి తన పేరు రాసింది. నేను పెట్టేటప్పుడు మేడమ్, "నువ్వు ఇక్కడ కూడా పెట్టమ్మా," అని వాళ్లిద్దరి కాగితాల మీద కూడా చూపించారు. అక్కడా పెట్టాను.

బోటు నడిపేది అప్పలరాజు అన్న. హార్బర్ మనిషే. పన్నెండేళ్లు మరబోటు నడిపి, ఇప్పుడు ఈ పనికి వచ్చాడు. మాకు నేర్పిందీ అతనే. ముందు గట్టు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. వెల్లకిలా తేలాలి. మోకాళ్లు గుండెకు ఆనించాలి. చెక్క బోటుకు అడ్డంగా ఉండాలి. చేతులు చాచి, తాడు కొసనున్న పిడిని మోకాళ్ల దగ్గర పట్టుకోవాలి. బోటు లాగుతున్నప్పుడు లేవాలని తొందరపడకూడదు. అదే లేపుతుంది. బొటనవేలు పైకి చూపిస్తే వేగం పెంచమని, కిందికి చూపిస్తే తగ్గించమని. పడ్డాక చెయ్యెత్తితే బాగానే ఉన్నానని.

"పడినప్పుడు తాడొగ్గీయాలి. అదొక్కటీ మర్సిపోకండి," అని తాడు వదలడం గురించి మూడుసార్లు చెప్పాడు.

లచ్చమ్మత్త చీర మీదే ఉంటానని పట్టుబట్టింది. చివరికి నూకాలు ఇచ్చిన నైట్ ప్యాంటు తొడుక్కుని, దానిమీద లైఫ్ జాకెట్టు బిగించుకుని నీళ్లలోకి దిగింది. బోటు కదలగానే అలవాటు ప్రకారం రెండు మోచేతులూ వంచి, వెనక్కి వాలి, తాడును గుంజింది. గుంజగానే వెల్లకిలా పడింది. మళ్లీ ఎక్కించారు. మళ్లీ గుంజింది.

"లాగొద్దే పిన్నీ!" అని అరిచాడు అప్పలరాజు అన్న.

"తాడు సేతిలో పెట్టి లాగొద్దంటాడేటి ఈడు! మరి తాడెందుకూ, మెడకేసుకోడానికా?"

"బోటు లాగుద్ది పిన్నీ. నువ్వు సేపవి అనుకో."

"సేపనే అయితే నిన్ను సూసి ఇటేపు రానే రాను."

నా వంతు వచ్చింది. గంగమ్మను తలుచుకుని వెల్లకిలా పడుకున్నాను. మొదటిసారి, రెండోసారి గుంజి పడ్డాను. మూడోసారి చేతులు చాచి ఉంచాను. నీళ్లు ఛాతీని నెట్టాయి, నడుము లేచింది, సగం లేచాను. లేచి, కింద నీళ్లు పరుగెత్తడం చూసి, ముందుకు పడ్డాను. అప్పుడు తాడు వదలాలి. నేను వదల్లేదు. వదలాలన్న ఆలోచనే రాలేదు. మొహం నీళ్లలో ఉంది, ముక్కులో నోట్లో ఉప్పునీళ్లు దూరుతున్నాయి, కుడిభుజం ఊడిపోతున్నట్టుంది, అయినా నా వేళ్లు ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి. దూరంగా వినబడుతోంది.

"ఒగ్గీయే! తాడొగ్గీయ్!"

ఇంజను ఆపేదాకా పట్టుకునే ఉన్నాను. బోటు వెనక్కి తిప్పి నన్ను పైకి లాగి, అప్పలరాజు అన్న నా వేళ్లను ఒక్కొక్కటిగా పిడి మీదినుంచి విప్పాడు.

"అలివి లాగినోల్లతో ఇదే సావు," అన్నాడు. తిట్టినట్టు కాదు. "మా అమ్మా లాగింది. ఇల్లు తగలడినా తాడొగ్గదు."

ఆ రాత్రి లచ్చమ్మత్త నా భుజానికి ఆవనూనె కాచి రాసింది. ఆనాటి నుంచి నా సంచీ ఆమే మోసింది. రెండు భుజాలకూ రెండు సంచులు వేసుకుని, నన్ను ఖాళీ చేతులతో నడిపించింది. వద్దంటే, "నోర్మూసుకుని నడు. నువ్వు నిలబడాల, నీకా పని రావాల," అనేది.

రెండో రోజు అప్పలరాజు అన్న మమ్మల్ని ముందు నీళ్లలోకి దింపలేదు. ఇసుక మీద నిలబెట్టి, తాడు కొస మా చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకుని లాగేవాడు. 'హా' అన్నప్పుడు వదిలేయాలి. నూకాలు మొదటిసారికే వదిలేసింది, అతను వెల్లకిలా పడితే పకపకా నవ్వింది. నాకు పదిసార్లు పట్టింది. లచ్చమ్మత్త వల్ల కాలేదు.

"సిగ్గేత్తాది బాబూ," అంది తల వంచుకుని. "నా ఎనకున్నోల్లు ఏటైపోతారనిపిత్తాది."

"నీ ఎనక ఎవులూ నేరు పిన్నీ ఇక్కడ."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. నిజంగానే ఎవరూ లేరు. అయినా వదల్లేదు. ఆ రోజు ఆమె నీళ్లలోకి దిగకుండా గట్టు మీద కూర్చుని మాకు తువ్వాళ్లు అందించింది. నేను మాత్రం ఆ పూట పది అంకెలు లెక్కపెట్టేంతసేపు నిలబడ్డాను. చూపు నీళ్ల మీద కాకుండా బోటు మీద ఉండాలి, బరువు మడమల మీద ఉండాలి. అంతే కిటుకు. పడగానే వదిలేశాను. తాడు నా ముందునుంచి ఒంటరిగా ఎగురుకుంటూ పోయింది. నీళ్లు మెత్తగా పట్టుకున్నాయి. ఇంత తేలికా అనుకున్నాను.

మూడో రోజు, ఏడూ ఇరవైకి, నేను నిలబడ్డాను. కాళ్ల కింద చెక్క వణుకుతూ చప్పుడు చేస్తోంది. బోటు ఏరు మలుపు దాకా వెళ్లి తిరిగొచ్చింది. నేను పడలేదు. రెండో రౌండు కూడా పడలేదు. ఎడమవైపు భీమిలి కొండ, పాత దీపస్తంభం, వలలు ఆరేసిన ఒడ్డు, అన్నీ నాతోపాటు పరుగెత్తాయి. ముప్ఫై ఒక్కేళ్లలో నా శరీరం నాకు అంత బరువులేకుండా ఎన్నడూ లేదు. తల్లీ, నీ దయ, నీ దయ అని పైకే అన్నాను. గట్టు మీద లచ్చమ్మత్త తువ్వాలు గిరగిరా తిప్పుతూ ఎగురుతోంది. మేడమ్ మనుషులు ఫోటోలు తీశారు. ముగ్గురినీ చెక్క పట్టుకుని నవ్వమన్నారు. నవ్వాం.

తొమ్మిదిన్నరకు తలా ఒక కవరు ఇచ్చారు. అందులో సర్టిఫికెట్టు, మేం సంతకాలు పెట్టిన కాగితాల నకళ్లు ఉన్నాయన్నారు. ఉద్యోగం సంగతి ఫోను చేస్తామన్నారు. మేడమ్ కాళ్లకు దణ్ణం పెట్టబోతే వారించి నా బుగ్గ తట్టారు.

సింహాచలం అప్పన్నకు మొక్కుకోకుండా విశాఖ దాటడం మా ఇళ్లలో లేదు. హనుమంతవాకలో బస్సు మారి, కొండ మీదికి చేరేసరికి పన్నెండున్నర. ఉచిత దర్శనం వరసలో నిలబడ్డాం. గంటకు పైగా పడుతుందన్నారు. సర్టిఫికెట్టు స్వామి పాదాల దగ్గర పెట్టించాలని నా ఆశ. కవరు తీశాను. దేవుడి దగ్గర పెట్టే కాగితం, అదేమిటో తెలియకుండా పెట్టకూడదు కదా అని, అప్పుడు చదివాను.

మొదటిది సర్టిఫికెట్టు. రెండోది ప్రమాదం జరిగితే బాధ్యత మాదేనని. మూడోదానిలో, ఫలానా ఊరి తీరంలో జలక్రీడలకు గుర్తించిన భాగంలో ఇకమీదట అలివి వల లాగకుండా ఉండడానికి మా కుటుంబాల తరఫున మాకు ఏ అభ్యంతరమూ లేదనీ, అందుకు ప్రతిగా ఉచిత శిక్షణ పొందామనీ ఉంది. ఆ భాగం రామాలయం దిబ్బ నుంచి సరుగుడు తోట దాకా. నాలుగోది, మేం మత్స్యకార మహిళల ప్రతినిధులమని.

లచ్చమ్మత్త నకలు అడిగి తీసుకుని చూశాను. ఆమె వేలిముద్ర కింద ఒక వాక్యం ఉంది. 'పై విషయమంతా ఈమెకు చదివి వినిపించి, అర్థమయ్యేలా చెప్పితిని.' దాని కింద నా సంతకం. నూకాలు కాగితం మీదా అదే వాక్యం, అదే సంతకం. మా అయ్య నేర్పిన గుండ్రటి అక్షరాలు.

వరస కదిలింది. కప్పస్తంభం దగ్గర అందరూ వంతులవారీగా స్తంభాన్ని కౌగిలించుకుంటున్నారు. కోరుకున్నది జరుగుతుందని నమ్మకం. లచ్చమ్మత్త రెండు సంచులూ కింద పెట్టి, చెంప ఆనించి, చాలాసేపు పట్టుకుంది. నా కుడిచెయ్యి అంత ఎత్తుకు లేవలేదు. ఎడమచేత్తో తాకి వచ్చేశాను.

"ఏటి కోరినావత్తా?" అని నూకాలు అడిగింది.

"మంగకి ఆ పని రావాలని."

గర్భగుడి ముందు అర్చకులు నా చేతిలో కవరు చూసి, "ఇవ్వమ్మా, పాదాల దగ్గర పెట్టి ఇస్తాను," అన్నారు. "వద్దు స్వామీ," అన్నాను. స్వామికి ఏమని చెప్పుకోవాలో తెలియలేదు. మూడు రోజులుగా థాంక్స్ చెబుతూనే ఉన్నాను, ఇప్పుడు ఎవరికి చెప్పిందీ గుర్తు చేసుకోబుద్ధి కాలేదు.

కింద కొట్ల దగ్గర వాళ్లిద్దరూ గాజులు బేరమాడుతుంటే, పక్కకెళ్లి మేడమ్‌కు ఫోను చేశాను.

"అది మామూలుగా పెట్టించుకునేదే అమ్మా. ఎవరూ మీ వల జోలికి రారు," అన్నారు.

"ఐతే ఆ కాగితం మాకిచ్చేయండి మేడమ్."

"ఫైలు పైకి వెళ్లిపోయింది. అయినా నువ్వు చదువుకున్నదానివి కదా, చదివే పెట్టావు కదా."

ఆవిడ గొంతులో కోపం కూడా లేదు.

సాయంత్రం నాలుగుంపావుకు మద్దిలపాలెంలో శ్రీకాకుళం బస్సెక్కాం. ముగ్గురికీ ఒకే సీటు దొరికింది. ఆనందపురం దాటేదాకా నూకాలు ఫోటోలు చూపించి నవ్వుతూనే ఉంది. తగరపువలస వంతెన దగ్గర నేను మూడో కాగితం తీసి, మొదటినుంచి చివరిదాకా, ఒక్క అక్షరం వదలకుండా, వాళ్లకు చదివి వినిపించాను. రెండు రోజుల కింద చేశానని సంతకం పెట్టిన పని అది. ఆ వాక్యం కూడా చదివాను, నా పేరుతో సహా.

లచ్చమ్మత్త అడిగింది. "దిబ్బ కాణ్ణుంచి సరుగుడు తోట దాకానా?"

"అవునత్తా."

"అంటే ఇంకేటి మిగిల్నాది? వల ఏసీదే అక్కడ."

నేను కాగితం మడిచి కవరులో పెట్టాను.

"నువ్వు ఎయ్యమంటేనే ఏసినాం కాదేటి వదినా," అని నూకాలు ఏడుపు గొంతుతో అంది. "నాను పేరు రాసినాను, సూడు, ఎంత ముద్దుగా రాసినానో."

"అప్పుడు సదివినావా?" లచ్చమ్మత్త నా మొహంలోకి చూస్తూ అడిగింది.

"నేదత్తా."

"సదవకుండా సదివినానని పెట్టినావు."

ఆ తర్వాత ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది. ముందు సీటాయన ఏ ఊరని పలకరిస్తే నేనే జవాబు చెప్పాను. ఏడింటికి శ్రీకాకుళంలో దిగి, చివరి బస్సు పట్టుకున్నాం.

వేక్ బోర్డింగ్ నేర్చుకోవాలనుకునే వాళ్లకు నాకు తెలిసింది చెబుతాను. భీమిలి ఏరు మంచిది. అప్పలరాజు అన్నలాంటి మంచి గురువు దొరకడం అదృష్టం. చేతులు చాచి ఉంచండి, గుంజకండి, పడితే వదిలేయండి. రెండు రోజుల్లో వచ్చేస్తుంది. నీళ్ల మీద నిలబడ్డ ఆ రెండు రౌండ్ల సుఖం అబద్ధం కాదు, అది నాకిచ్చిన తల్లికి అన్యాయంగా మాట్లాడను. కానీ అంతకుముందు గట్టు మీద ఏ కాగితమైనా పెడితే, టీ చల్లారిపోయినా సరే, ఇచ్చినవాళ్ల మొహం మాడినా సరే, పైకెత్తి చదవండి. మీ పక్కన చదువురాని వాళ్లుంటే బిగ్గరగా చదవండి. నేను రేపు తెల్లవారుజామున చదవాలి, వల తాళ్ల దగ్గర, ఊరందరి ముందూ. మా అయ్య కూడా అక్కడే ఉంటాడు.

ఎనిమిదీ ఇరవైకి బస్సు మా ఊరి మలుపులో ఆగింది. నూకాలు ముందు దిగింది. లచ్చమ్మత్త లేచి, తన సంచీ భుజాన వేసుకుని, నా సంచీ ఉన్న సీటు పక్కనుంచే నడిచి దిగిపోయింది. కండక్టరు తొందరపెట్టాడు. నేను దాన్ని ఎడమ భుజానికి తగిలించుకుని, వాళ్ల వెనక నడిచాను.